బెల్టు మీద పడ్డ నింద

మన ఇళ్లలో ఏ వస్తువు మొరాయించినా నింద ఎప్పుడూ ఒకే రకం దాని మీద పడుతుంది. ఎక్కువ చప్పుడు చేసేదీ, తక్కువ ఖరీదుకు దొరికేదీ ఏదో అదే దోషి! కుళాయి కారితే వాషరు. మిక్సీ ఆగితే ప్లగ్గు. పిల్లవాడికి లెక్కల్లో మార్కులు రాకపోతే ట్యూషను మేష్టారు. మార్చిపారేస్తే నాలుగు రోజులు నిమ్మళం, ఐదో రోజున మళ్లీ మొదలు. పాత కారున్న ఇంట్లో ఈ నిందను మోసే ప్రాణి ఫాను బెల్టు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదంటారే, అచ్చంగా అదే దాని బతుకు.

ఏడాదిలో నాలుగు బెల్టులు మార్చి, విసిగిపోయి, చివరికి కారునే తుక్కు కింద అమ్మేయడానికి సిద్ధపడ్డ ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ కారు జబ్బు అంతా కలిపి పావు అంగుళం. ఆ సంగతి చెప్పబోయే ముందు బెల్టు పని ఏమిటో రెండు ముక్కలు అనుకోవాలి. ఇంట్లో కారు లేనివారు కూడా కాస్త ఓపిక పట్టండి. కుట్టుమిషను వున్నా చాలు, మీకూ పనికొచ్చే విషయమే.

అంబాసిడరు వంటి పాత కారు బానెట్టు ఎత్తి చూడండి. రేడియేటరుకు వెనక, ఇంజను మొహాన మూడు చక్రాలు కనిపిస్తాయి. అడుగున వున్నది క్రాంకుకు బిగించినది; ఇంజను తిరిగితే అది తిరుగుతుంది. దానికి ఎగువన నీటి పంపుది. ఫాను రెక్కలు దాని ముందే వుంటాయి. మూడోది కాస్త పక్కగా వుంటుంది. అది పూర్వం డైనమోది, తర్వాతి రోజుల్లో ఆల్టర్నేటరుది. ఈ మూడింటినీ చుట్టుకుని ఒకే ఒక్క రబ్బరు బెల్టు. ఇంట్లో పెద్దకోడలి వంటిదన్నమాట. పని చేస్తున్నంతసేపూ ఎవరి కంటికీ ఆనదు. ఒక్కరోజు మంచాన పడితే నీళ్లుండవు, దీపముండదు. బెల్టు తెగిందంటే ఇంజనులో నీరు తిరగదు, ఫాను ఆడదు, బ్యాటరీకి చార్జి ఎక్కదు. ఇంజను కాగిపోవడానికి మరి కొద్ది నిమిషాలే గడువు.

ఈ చక్రాలను ఏమనాలన్నది మా తెలుగు మేష్టర్లకు ఒక చిక్కు. పుస్తకంలో కప్పీ అని రాస్తాం. మా ఊళ్లో బావి మీద వుండేది గిలక. షెడ్డుకు వెళ్లి, "గిలక వరస తప్పింది, చూడవయ్యా" అంటే మేస్త్రీ మన మొహంకేసి చూస్తాడు. పుల్లీ అంటే చాలు, స్పానరు చేతికి వస్తుంది. పని జరిపించే మాటే మంచి మాట అని నేను క్లాసులోనూ చెబుతూంటాను కనుక ఇక్కడా పుల్లీయే.

బెల్టు పుల్లీ గాడిలో అడుగుకంటా కూర్చుని దాన్ని తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ బెల్టును అడ్డంగా కోసి చూస్తే పైన వెడల్పు, కింద సన్నం. గొడ్డలి పిడి వదులైతే సందులో ఒక చెక్కముక్క దిగగొడతామే, ఆ ఆకారం. గాడిదీ అదే వాలు. బెల్టు తన రెండు చెంపలూ గాడి రెండు గోడలకూ ఒత్తిపట్టి, ఆ పట్టుతో తిప్పుతుంది. అడుగు తగలనే కూడదు. తగిలిందంటే బెల్టో గాడో అరిగిపోయి జారుతోందని అర్థం. ఈ తరహా రబ్బరు బెల్టును 1917లో అమెరికాలో, డెన్వరు నగరంలో, జాన్ గేట్స్ అనే ఆయన తయారుచేశాడు. అంతకుముందు కార్లలో బల్లపరుపు పట్టాలు వుండేవి.

ఆ బల్లపరుపు పట్టాలది ఒక మంచి గుణం. పాత రైసుమిల్లుల్లో ఇంజను నుంచి షాఫ్టుకు పోయే బారెడేసి పట్టాలు చూసినవారికి జ్ఞాపకం వుంటుంది. వాటి చక్రాలు పైపైన చదునుగా కనిపించినా నడిమిభాగం కొద్దిగా ఉబ్బెత్తుగా వుండేది. తిరిగే పట్టా ఎప్పుడూ ఎత్తున్నవైపే పాకుతుంది. అందుచేత ఏ కాస్త పక్కకు జరిగినా తనంతట తనే మళ్లీ మధ్యకు వచ్చేది. గాడిలో నడిచే బెల్టుకు ఆ వెసులుబాటు లేదు పాపం. రెండు పుల్లీలు ఒకే వరసలో లేకపోతే అది ఎటూ తప్పుకోలేదు. గాడి గోడను ఒరుసుకుంటూ లోపలికి దిగాలి, ఒరుసుకుంటూ బయటికి రావాలి.

ఎన్నిసార్లంటారా? లెక్క వేసుకోండి. క్రాంకు పుల్లీ చుట్టుకొలత 40 సెంటీమీటర్లనీ, బెల్టు పొడుగు ఒక మీటరనీ అనుకుందాం. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే బెల్టు 800 సార్లు చుట్టి వస్తుంది. అంటే గంటకు 48 వేల సార్లు! ఒక్కో చుట్టుకు వెంట్రుకలో వెయ్యోవంతు అరిగినా ఇంకేం మిగులుతుంది? రాట్నం వడికినవారికి ఇదంతా చెప్పనక్కరలేదు. చక్రానికీ కదురుకూ వరస తప్పితే దారం ఊరికే జారిపోతూంటుంది. దారాన్ని తిట్టి లాభం లేదని, కదురును సర్దుకోవాలని వాళ్లకు తెలుసు.

ఇక ఆ ఇంటి సంగతి. తెనాలిలో మా అక్కయ్యగారిల్లది. కారు 1982 నాటి అంబాసిడరు, మార్క్ ఫోర్. మా బావగారి తండ్రి కొన్నది. ఆయన పోయి చాలాకాలమైంది, కారు వుంది. ఉత్తరపారా కర్మాగారంలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవడం, విడిభాగాల కోసం విజయవాడ ఆటోనగరంతా గాలించడం — ఇదొక సంసారం. అయినా అమ్మకపోవడానికి కారణం మా అక్కయ్య అత్తగారు. ఆవిడకు అప్పటికి 84 ఏళ్లు. మోకాళ్లు వంగవు. ఇప్పటి కార్లలోకి వెళ్లాలంటే నడుము వంచి, తల దించి, కాలు మడిచి దూరాలి. అంబాసిడరు తలుపు తీస్తే సోఫాలో కూర్చున్నట్టు వెనక్కి కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే సరి. వారానికి రెండుసార్లు ఆవిడను డయాలసిస్ కోసం గుంటూరు తీసుకువెళ్లాలి. రేపు వెళదాంలే అనడానికి వీల్లేని ప్రయాణం.

2023లో ఆ కారు డైనమో కాలిపోయింది. దాన్ని తీసి ఒక షెడ్డులో ఆల్టర్నేటరు పెట్టించారు. మంచి పనే. బండి నెమ్మదిగా నడుస్తున్నప్పుడు కూడా అది బ్యాటరీకి చార్జి ఇస్తుంది. అయితే ఆ నెలలోనే పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమనడం మొదలైంది. బెల్టు మార్చారు. రెండు నెలలు. మళ్లీ మార్చారు, ఈసారి కాస్త ఖరీదుగలది. అదీ అంతే. మూడోదాన్ని వీణ తీగలా బిగించారు. అరుపైతే ఆగింది గాని, ఆ బిగువుకు నీటి పంపు బేరింగు అరిగిపోయి నీళ్లు కారడం మొదలెట్టింది. పంపు మార్చి, నాలుగో బెల్టు వేశారు. అది 2024 మే నెలలో, మిట్టమధ్యాహ్నం, నందివెలుగు దాటాక ఠపీమని తెగింది. కారులో పెద్దావిడ వున్నారు. ఆసుపత్రిలో ఆవిడకు ఇచ్చిన వేళ రెండు గంటలకు. దారినపోయే ఆటోను ఆపి, ఇద్దరు పట్టుకుని ఎత్తి కూర్చోబెట్టారట. అక్కయ్య ఈ మాట చెబుతూ కళ్లు తుడుచుకుంది.

ఆ రాత్రే బావగారు, ఆయన తమ్ముడు కూర్చుని తీర్మానించేశారు. ముసలి కారును నమ్ముకుని ముసలి ప్రాణంతో ఆటలాడలేం, తుక్కు వ్యాపారికి కబురు పెడదాం అని. కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? వారం తిరక్కుండా ధర కూడా కుదిరింది. సెలవులకని నేను వెళ్లేసరికి ఇంట్లో అదే మాట నడుస్తోంది. అంతవరకూ కిటికీ పక్కన పడుకుని వింటున్న పెద్దావిడ కొడుకును పిలిచారు.

"ఏరా, మిల్లులో పట్టా పక్కకు నడిస్తే మీ నాన్న పట్టాను ఎప్పుడన్నా అన్నారట్రా? మోటారు కింద చెక్కలు సర్దించేవారు. ఈ బెల్టు పక్కకు నడుస్తోందేమో మీలో ఎవరన్నా చూశారా?"

"అమ్మా, అది మిల్లు, ఇది కారు" అన్నారు బావగారు.

"తిరిగేదేదైనా తిరిగేదే కదరా" అన్నారావిడ.

ఆ ఒక్క మాటకు కట్టుబడి బావగారు మర్నాడు ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరైన మేస్త్రీ ఒకరిని పిలిపించారు. ఆయన పని చూసి తీరవలసిందే. వచ్చీరాగానే స్పానరు పట్టుకోలేదు. "తీసేసిన బెల్టులున్నాయా అండీ?" అని అడిగాడు. అదృష్టం కొద్దీ బట్టలారేసే దండేనికి కట్టుకోవడానికి పనికొస్తాయని అక్కయ్య రెండు దాచింది. రెండింటికీ ఒక చెంప రెండోదానికంటే నున్నబడి అద్దంలా మెరుస్తోంది. అటువైపే పోగులు లేచాయి. తర్వాత ఆయన ఆల్టర్నేటరు కిందికి వేలు పోనిచ్చి తీశాడు. వేలికి కాటుకలాంటి నల్లపొడి. అది ఒరుసుకుపోయిన రబ్బరు. పిమ్మట టార్చిలైటు వేసి ఆల్టర్నేటరు పుల్లీ గాడిలోకి చూశాడు. ఇంజనువైపు గోడ తళతళలాడుతోంది, రేడియేటరువైపు గోడ మసకగా వుంది. "ఇది ముందుకొచ్చి కూచుందండి. బెల్టు దీన్ని వెనక్కి లాగుతోంది" అన్నాడు. అప్పటికింకా ఒక్క నట్టు విప్పలేదు, ఒక్క కొలత తీయలేదు!

కొలత తర్వాత తీశాడు. బెల్టు వూడదీసి, ఫాను రెక్కలు విప్పి పక్కన పెట్టి, తిన్నని అల్యూమినియం పట్టీ ఒకటి పుల్లీల మొహాలకు ఆనించాడు. ముందు ఆనించింది క్రాంకు పుల్లీకీ నీటి పంపు పుల్లీకీ. ఎందుకంటే ఆ రెండూ ఇంజనుకు స్థిరంగా వున్నవి, మనం జరపగలిగేవి కావు. వాటి వరస సరిగా వుందని తేలితేనే మూడోదాన్ని వాటికి సర్దాలి. వాటిలోనే తేడా వుంటే ఆల్టర్నేటరును ఎంత జరిపినా ఉపయోగం లేదు.

ఇక్కడ ఒక కిటుకు వుంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. పుల్లీ అంచుల మందం అన్నింటికీ ఒకటి కాదు. అంచులు మూడూ పట్టీకి చక్కగా ఆనినా గాడులు వరస తప్పి వుండవచ్చు. అంచుల మధ్య సందు కనిపించినా గాడులు వరసలోనే వుండవచ్చు. సరిచూడవలసింది గాడి నడిమి గీతను. అందుకని ఆయన ప్రతి పుల్లీకీ అంచు నుంచి గాడి మధ్యకు ఎంతో విడిగా కొలిచి, ఆ తేడాను లెక్కలో వేసుకున్నాడు. పట్టీ దొరకకపోతే గట్టి దారం బిగలాగి పట్టినా చాలునట.

తేలిందేమిటంటే ఆల్టర్నేటరు గాడి మిగతా రెంటికంటే 6 మిల్లీమీటర్లు ముందుకు వుంది. ఇలాంటి బెల్టులకు అరడిగ్రీ వరకు వాలు తేడాను సహిస్తారు. పుల్లీల మధ్య దూరం 30 సెంటీమీటర్లయితే అది సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. ఇక్కడ వున్నది దానికి రెట్టింపు కంటే ఎక్కువ. కారణం వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆల్టర్నేటరు చెవికీ అది కూర్చునే బ్రాకెట్టుకూ నడుమ మూడు లావుపాటి వాషర్లు! పాత డైనమో బోల్టు కొత్తదానికి పొడుగైనట్టుంది. మిగిలిన పొడుగును సర్దడానికి షెడ్డువాళ్లు చేతికందినవి ఆ సందులో పెట్టేశారు. ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్లు.

మేస్త్రీ ఆ మూడింటినీ సందులోంచి తీసి బోల్టు తలకింద పెట్టాడు. బోల్టు పొడుగు సరిపోయింది, ఆల్టర్నేటరు వెనక్కి జరిగింది. అంతటితో వదలలేదు. పైన బెల్టు బిగువు సర్దుకునే వంకీపట్టీ వుంటుంది. కింద వెనక్కి జరిపి పైన జరపకపోతే ఆల్టర్నేటరు వాలిపోయి, ఒక తప్పు పోయి మరొక తప్పు వస్తుంది. అక్కడా అంతే సర్దాడు. బోల్టులన్నీ బిగించాక మళ్లీ పట్టీ ఆనించి చూశాడు. బిగించేటప్పుడు వరస కదలడం కద్దు. అప్పుడు కొత్త బెల్టు వేసి, అన్నిటికంటే పొడుగైన మధ్యభాగాన బొటనవేలితో నొక్కాడు. అర అంగుళం లోపలికి పోయింది. చాలన్నాడు. పని మొత్తం గంట పట్టింది, ఫాను రెక్కలు బిగించడంతో సహా. పెద్దావిడకు చెబితే, "చెక్కలు సర్దారన్నమాట" అని అటు తిరిగి పడుకున్నారు. 2025 జూన్‌లో, ఏడాది నడిచాక చూస్తే ఆ బెల్టు చెంపలు రెండూ ఒకే తీరున వున్నాయి. తుక్కు వ్యాపారికి ఇవ్వవలసిన జవాబు ఎప్పుడో ఇచ్చేశారు.

అలాగని అందరి కార్లలోనూ వాషర్లే దొంగలనుకోకండి. వరస తప్పడంలో రకాలున్నాయి. పుల్లీ మొత్తం ముందుకో వెనక్కో జరిగితే వాషర్లతో పోతుంది. పుల్లీ ఒకవైపు వాలి వుంటే పోదు. బ్రాకెట్టు రంధ్రం అరిగి కోలగా అయిపోవడమో, లోపలి బుష్షు పోవడమో, బ్రాకెట్టే వంగడమో జరిగి వుంటుంది, దాన్ని మార్చుకోవాలి. ఇంజను నడుస్తున్నప్పుడు పుల్లీ అంచు తాగినవాడిలా ఊగుతూ కనిపిస్తే పుల్లీ వంగిందన్నా, లోపల బేరింగు పోయిందన్నా అర్థం. ఇంజను ఆపి, చల్లారాక, బెల్టు తీసి పుల్లీని రెండు చేతులా పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి. లొడలొడమంటే బేరింగు. కొన్ని ఇంజన్లలో క్రాంకు పుల్లీ రెండు ముక్కలుగా, నడుమ రబ్బరుతో వుంటుంది. ఆ రబ్బరు వయసు మీరి వదిలేస్తే బయటి వలయం మెల్లగా వెనక్కి పాకుతుంది. అది కంటికి తొందరగా ఆనదు, మంచి మేస్త్రీలను కూడా తిప్పలు పెడుతుంది.

కూడని పనులు కూడా చెప్పాలి. పుల్లీ వెనక్కి పోవాలని దాని మీద సుత్తితో బాదేవారున్నారు. రేకు పుల్లీ అయితే అంచు వంగుతుంది, పోతపుల్లీ అయితే పగులుతుంది. బెల్టును స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించేవారు ఇంకా ఎక్కువమంది. పైకి ఏమీ కనిపించదు, లోపలి పోగులు తెగుతాయి. నెల తిరిగేసరికి "ఈ కంపెనీ బెల్టులు మంచివి కావండీ" అన్న మాట మళ్లీ వినవలసి వస్తుంది. బోల్టులు వదులుచేసి, ఆల్టర్నేటరును లోపలికి నెట్టి, చేత్తోనే ఎక్కించాలి. ఇక బెల్టుకు సబ్బు రాయడం, పౌడరు చల్లడం నాకు బొత్తిగా నచ్చవు. ఏడ్చే పిల్ల నోరు మూయడమే గాని కడుపునొప్పి తీర్చడం కాదది.

ఇప్పటి కార్లలో వెడల్పుగా, నిలువు చారలతో వుండే బెల్టులు వస్తున్నాయి. పాతవాటికంటే ఇవి వరస విషయంలో మరీ పట్టింపు గలవి. అవి అరుస్తుంటే మేస్త్రీలు ఒక చిన్న పరీక్ష చేస్తారు. ఇంజను నడుస్తుండగా దూరం నుంచి చారలవైపు కాసిని నీళ్లు చిలకరిస్తారు. అరుపు క్షణం ఆగి మళ్లీ వస్తే వరస తప్పిందని అనుమానించాలి. నీళ్లు పడగానే అరుపు హెచ్చితే బిగువు చాలక జారుతోందని.

దారిలో బెల్టు తెగితే ఎలా తెలుస్తుందని అక్కయ్య అడిగింది. డాష్‌బోర్డు మీద బ్యాటరీ ఎర్రదీపం వెలుగుతుంది, వేడి ముల్లు పైకి లేస్తుంది. రెండూ కలిసి వచ్చాయంటే ఇంకో ఊరు చేరదామని చూడక అక్కడే పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. ఆపాక రేడియేటరు మూత జోలికి పోవద్దు. మరిగే నీరు మొహాన చిమ్ముతుంది, అరగంటైనా ఆగాలి. బానెట్టు కింద తల పెట్టేముందు తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. కొంగు, చున్నీ, మెడలో గొలుసు లోపలికి వేలాడకుండా చూసుకోండి. కరెంటు ఫాను వున్న కార్లలో ఇంజను ఆగినా ఫాను హఠాత్తుగా తిరగవచ్చు, చేయి దూరంగా వుంచండి. కొత్త బెల్టు వేసిన మొదటి వారంలో కొంచెం సాగుతుంది కనుక ఒకసారి బొటనవేలి పరీక్ష మళ్లీ చేసి సర్దుకోవాలి. తీసేసిన బెల్టు బాగానే వుంటే పారేయకండి. ఆ బోల్టులకు సరిపడే రెండు స్పానర్లతో కలిపి గుడ్డలో చుట్టి, డిక్కీలో స్టెప్నీ పక్కన పెట్టుకోండి.